ఫ్రీజ్ చేసిన పిండం: భయం ఒకచోట, అసలు లెక్క ఇంకోచోట

మెట్రో పిల్లర్ల మీద, బస్సుల వెనకాల, హైదరాబాద్‌లో ఇప్పుడు ఫెర్టిలిటీ సెంటర్ బోర్డు కనపడని మెయిన్ రోడ్డు దొరకడం కష్టమే. నవ్వుతున్న పాప ఫొటో, ఒక ఫోన్ నంబరు, ఉచిత కన్సల్టేషన్. ఆ బోర్డుల్లో రాయని మాట ఒకటి లోపలికి వెళ్లి, ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ) ట్రీట్‌మెంట్ కోసం పది పన్నెండు రోజులు పొట్టకి ఇంజెక్షన్లు చేయించుకుని, గుడ్లు తీయించుకున్నాక వినిపిస్తుంది: "ఈ నెల ట్రాన్స్‌ఫర్ వద్దమ్మా, పిండాలన్నీ ఫ్రీజ్ చేసేద్దాం." పిండాన్ని గర్భసంచిలో పెట్టడమే ట్రాన్స్‌ఫర్, అది వాయిదా అని ఇంటికొచ్చి చెప్పగానే అత్తగారో పెద్దమ్మో "తాజాది ఉండగా నిల్వ పెట్టింది ఎందుకే, డబ్బులు గుంజడానికి కాకపోతే" అంటారు. ఇందులో డబ్బుల అనుమానం అప్పుడప్పుడు నిజమే కావచ్చు, దాని సంగతి తర్వాత చూద్దాం. నిల్వ గురించిన భయం మాత్రం దాదాపు పూర్తిగా తప్పు. ఈ మొత్తం ట్రీట్‌మెంట్‌లో కాస్త నమ్మకంగా జరిగిపోయే పని ఏదైనా ఉందంటే అది ఆ ఫ్రీజింగే. తేడా కొట్టేది వేరేచోట్ల: గుడ్డు వయసు దగ్గర, గర్భసంచిని సిద్ధం చేసే ప్రొజెస్టెరాన్ హార్మోను మొదలుపెట్టే రోజు దగ్గర, చదవకుండా సంతకం పెట్టే కాగితాల దగ్గర.

ముందు ల్యాబ్‌లో ఏం జరుగుతుందో చూద్దాం. ఎగ్ పికప్ (గుడ్లు తీయడం) అయిన రోజే గుడ్లని శుక్రకణాలతో కలుపుతారు. మర్నాటికి ఎన్ని ఫలదీకరణ చెందాయో తెలుస్తుంది, మూడో రోజుకి ఆరు నుంచి ఎనిమిది కణాల ముద్ద అవుతుంది, ఐదో రోజుకో ఆరో రోజుకో బ్లాస్టోసిస్ట్, అంటే గర్భసంచిలో పెట్టడానికి సిద్ధమైన పిండం, అవుతుంది. దారిలో చాలా ఆగిపోతాయి. పన్నెండు గుడ్లు వచ్చాయని సంతోషపడ్డ జంటకి చివరికి మూడు బ్లాస్టోసిస్ట్‌లే మిగలడం మామూలే, అందులో ఎవరి తప్పూ లేదు. రిపోర్టులో 4ఏఏ, 3బీబీ అని ఉంటుంది కదా, అందులో అంకె పిండం ఎంత విచ్చుకుందో చెబుతుంది, మొదటి అక్షరం బిడ్డగా మారే కణాల గుంపు ఎలా ఉందో, రెండో అక్షరం మాయగా మారే పైపొర ఎలా ఉందో చెబుతాయి. ఇదంతా మైక్రోస్కోపు కింద కంటికి కనిపించే రూపమే. లోపల క్రోమోజోములు సరిగ్గా ఉన్నాయో లేదో గ్రేడు చెప్పదు, అందుకే 4ఏఏ నిలవకపోవడం, 3బీబీతో బిడ్డ పుట్టడం రెండూ జరుగుతుంటాయి.

ఇక ఫ్రీజింగ్. కణంలో ఎక్కువ భాగం నీళ్లే. మెల్లగా చల్లబరిస్తే ఆ నీళ్లు సూదుల్లాంటి మంచు స్ఫటికాలై కణాన్ని లోపలినుంచి చీల్చేస్తాయి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టిన టమాటా బయటికి తీశాక మెత్తబడి నీరు కారిపోయేది ఇందుకే. పాతరోజుల్లో వాడిన స్లో ఫ్రీజింగ్ పద్ధతిలో ఈ ఇబ్బంది ఉండేది, అందుకే అప్పట్లో ఫ్రోజెన్ అంటే రెండో రకం అనే పేరు పడింది, మన పెద్దవాళ్ల అనుమానానికి మూలం కూడా బహుశా అదే. ఇప్పుడు దాదాపు అంతటా వాడేది విట్రిఫికేషన్. పిండాన్ని ముందు మంచు కట్టనివ్వని ద్రావణాల్లో ముంచి లోపలి నీళ్లని చాలావరకు బయటికి లాగేస్తారు. తర్వాత సన్నటి ప్లాస్టిక్ పట్టీ చివర, కంటికి ఆనని చుక్కలో దాన్ని ఉంచి, నేరుగా మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచేస్తారు. నిమిషానికి 20 వేల డిగ్రీలకు మించిన వేగంతో చల్లబడటం వల్ల మంచు కట్టే టైమే దొరకదు, మొత్తం గాజులా బిగుసుకుపోతుంది. తిరిగి తీసేటప్పుడు అంతే వేగంగా 37 డిగ్రీల ద్రావణంలోకి. ముడుచుకుపోయిన పిండం రెండు మూడు గంటల్లో మళ్లీ విచ్చుకుంటే అది బతికినట్టే. చేయి తిరిగిన ఎంబ్రియాలజిస్టు ఉన్న ల్యాబ్‌లో నూటికి 90 నుంచి 95కి పైగా బ్లాస్టోసిస్ట్‌లు ఇలా బతికి బయటపడతాయి.

"మరి కరెంటు పోతే?" అని అడిగేవాళ్లుంటారు, మన ఎండాకాలం కోతలు తెలిసినవాళ్లకి రావాల్సిన డౌటే. ఆ ట్యాంకులకి కరెంటు అక్కర్లేదు. పెద్ద ఫ్లాస్కు లాంటి స్టీలు డబ్బాలో ద్రవ నైట్రోజన్ ఉంటుంది, అది మెల్లగా ఆవిరైపోతుంటే ఎప్పటికప్పుడు మళ్లీ నింపుతుంటారు, ఆ నింపడం ఆగితేనో, ట్యాంకు లోపలి శూన్యపొర పాడైతేనో ప్రమాదం. 2018 మార్చిలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఒక్క ట్యాంకు వేడెక్కి 4 వేలకు పైగా గుడ్లు, పిండాలు పాడయ్యాయి, అక్కడ దూరం నుంచి హెచ్చరించే అలారం ఆపేసి ఉందని తర్వాత తేలింది. కాబట్టి అడగాల్సింది జనరేటర్ గురించి కాదు, రాత్రి రెండింటికి నైట్రోజన్ మట్టం పడిపోతే ఎవరి ఫోన్ మోగుతుంది అని. మన అత్తాపూర్‌లోనే సీసీఎంబీకి చెందిన లాకోన్స్ అనే పరిశోధన కేంద్రంలో అంతరించిపోయే ప్రమాదమున్న జంతువుల వీర్యాన్ని, కణాలని ఇలాగే ద్రవ నైట్రోజన్‌లో దాచిపెడతారు, టెక్నాలజీ మన ఊరికి కొత్తేమీ కాదు.

ఎంతకాలం ఉంచితే పాడవుతుంది అన్న ప్రశ్నకి జవాబు సులువు: ఆ చలిలో కణం లోపల ఏ చర్యా జరగదు, కాబట్టి ఏడాది అయినా ఐదేళ్లయినా తేడా పెద్దగా ఉండదు. 1994లో, అదీ ఆ పాత పద్ధతిలో ఫ్రీజ్ చేసిన పిండం నుంచి 2025 జులైలో అమెరికాలో ఒక బాబు పుట్టాడు.

ఈ విద్యలో మనవాళ్ల కథ ఒకటుంది, అది తెలియకుండా "విదేశీ టెక్నాలజీ" అనేస్తుంటారు. 1978 అక్టోబర్ 3న కోల్‌కతాలో పుట్టిన దుర్గ ప్రపంచంలో రెండో టెస్ట్‌ట్యూబ్ బేబీ, ఇంగ్లండ్‌లో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీస్ బ్రౌన్ పుట్టిన రెండు నెలల చిల్లరకే. డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ ఆ పిండాన్ని అదే నెలలో పెట్టలేదు, 53 రోజులు ఫ్రీజ్ చేసి తర్వాతి సైకిల్‌లో పెట్టానని చెప్పారు. అప్పటి ప్రభుత్వ కమిటీ ఆయన్ని నమ్మకపోగా వెటకారం చేసింది, 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఆ తర్వాత భారత తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ తమదేనని పేరు తెచ్చుకున్న బృందంలోని శాస్త్రవేత్త టీసీ ఆనంద్ కుమారే 1997లో ముఖోపాధ్యాయ్ నోట్సు చదివి, ఆ ఘనత నాది కాదు ఆయనది అని బహిరంగంగా చెప్పారు. ప్రపంచం ఒప్పుకున్న తొలి ఫ్రోజెన్ పిండం బిడ్డ 1984లో మెల్‌బోర్న్‌లో పుట్టింది, అంటే దుర్గ తర్వాత ఐదున్నరేళ్లకి.

సరే, మంచి పద్ధతే అనుకున్నా, తాజాగా పెట్టగలిగినప్పుడు ఆగడం ఎందుకు? అందరికీ అవసరం లేదు, ఇక్కడే డాక్టర్‌ని నిలదీయాలి. గట్టి కారణాలు కొన్ని ఉన్నాయి. పీసీఓఎస్ (అండాశయాల్లో గుడ్ల సంచులు ఎక్కువగా ఉండే హార్మోన్ల సమస్య) ఉన్న అమ్మాయికి ఇంజెక్షన్లతో ఇరవై ముప్పై గుడ్లు తయారై అండాశయాలు ఉబ్బిపోతే, పొట్టలో నీరు చేరి ఆస్పత్రి పాలయ్యే ఓవర్ స్టిమ్యులేషన్ ప్రమాదం ఉంటుంది, పైగా అదే నెలలో గర్భం నిలిస్తే గర్భంతో వచ్చే హార్మోను ఆ ప్రమాదాన్ని ఇంకా పెంచుతుంది. ఇలాంటివాళ్లకి ఫ్రీజ్ చేసి ఆగడం ప్రాణరక్షణ అనే చెప్పాలి. ఎగ్ పికప్‌కి ముందే ప్రొజెస్టెరాన్ పెరిగిపోయినా, లైనింగ్ (గర్భసంచి లోపలి పొర) సరిగ్గా లేకపోయినా, స్కాన్‌లో పాలిప్ (ఆ పొర మీద చిన్న కండ) కనపడినా, పిండానికి జెనెటిక్ టెస్ట్ చేయించి రిపోర్టు కోసం ఎదురుచూడాల్సి వచ్చినా ఆగడమే పద్ధతి. ఆ జెనెటిక్ రిపోర్టులో ఆడో మగో చెప్పరు, చెబుతామని ఎవరైనా గుసగుసగా అన్నా మన దేశంలో అది నేరం.

ఏ కారణమూ లేకుండా అందరికీ ఫ్రీజ్ చేస్తే ఫలితం పెరుగుతుందా అంటే, పెద్ద అధ్యయనాలు అలా చెప్పడం లేదు. చైనాలో పీసీఓఎస్ ఉన్న 1,508 మందిపై చేసి 2016లో ప్రచురించిన దాంట్లో ఫ్రోజెన్‌తో 49.3 శాతం మందికి, ఫ్రెష్‌తో 42 శాతం మందికి బిడ్డ పుట్టింది, ఓవర్ స్టిమ్యులేషన్ 7.1 నుంచి 1.3 శాతానికి పడిపోయింది. స్పష్టమైన లాభం. అదే, నెలసరి సక్రమంగా వచ్చే 2,157 మందిపై చైనాలోనే చేసి 2018లో ప్రచురించిన దాంట్లో ఫ్రోజెన్ 48.7, ఫ్రెష్ 50.2 శాతం, అంటే సమానమే. పీసీఓఎస్ లేని 782 మందిపై వియత్నాంలో చేసిన దాంట్లోనూ దాదాపు అంతే, ఫ్రోజెన్ 33.8, ఫ్రెష్ 31.5 శాతం. కాబట్టి "మా దగ్గర అందరికీ ఫ్రోజెనే చేస్తామండి, అదే బెస్ట్" అనే సెంటర్‌లో ఆ "అందరికీ" అనే మాట దగ్గర ఆగి, నా కేసులో కారణం ఏంటి అని అడగాలి. కారణం చెప్పగలిగితే మంచి సెంటరే. చెప్పలేకపోతే, ప్యాకేజీ కాగితం మళ్లీ చదవాలి: ఫ్రీజింగ్ చార్జి, ఏడాదికింత అని స్టోరేజీ అద్దె, ట్రాన్స్‌ఫర్ చార్జి, ఆ నెల మందులు, ఇవన్నీ మొదట చెప్పిన అంకెలో ఉన్నాయా, బయట ఉన్నాయా అని. పెద్దమ్మ అన్న మాటకి విలువ ఉండేది ఇక్కడే.

పిండం జాతకాన్ని ఎక్కువగా రాసేది గుడ్డు వయసు. 35 లోపు ఆడవాళ్ల బ్లాస్టోసిస్ట్‌లలో దాదాపు మూడో వంతుకి క్రోమోజోముల లెక్క తప్పుతుంది, 40 దాటేసరికి సగానికి పైగా తప్పుతాయి. ఫ్రీజింగ్ ఈ తప్పుని సరిచేయదు, పెంచదు కూడా. కానీ ఒక మేలు చేస్తుంది: గుడ్డు వయసు ఫ్రీజ్ చేసిన రోజు దగ్గరే ఆగిపోతుంది. 31లో ఫ్రీజ్ చేసిన పిండాన్ని 36లో పెట్టినా అది 31 ఏళ్ల పిండమే. మొదటి బిడ్డ తర్వాత రెండో బిడ్డ కోసం తిరిగొచ్చే జంటలకి ఇది నిజంగా పెద్ద ఆస్తి.

ఇప్పుడు క్యాలెండర్ సంగతి. గర్భసంచి పొర పిండాన్ని ఎప్పుడు పడితే అప్పుడు పట్టుకోదు, ప్రొజెస్టెరాన్ తగిలిన ఐదారు రోజులకి కొద్దిసేపు తలుపు తెరుస్తుంది. ఆ తలుపు తెరిపించడానికి రెండు దారులు. ఒకటి నేచురల్ సైకిల్: మందులు పెద్దగా లేకుండా, సొంత గుడ్డు ఎప్పుడు విడుదలవుతుందో స్కాన్లతో, రక్తపరీక్షలతో కనిపెట్టి, దాన్నిబట్టి రోజు లెక్కేయడం. రెండోది హెచ్‌ఆర్‌టీ సైకిల్, అంటే బయటి హార్మోన్లతో నడిపేది: నెలసరి రెండో రోజు నుంచి ఎస్ట్రాడయోల్ (ఈస్ట్రోజెన్ హార్మోను) మాత్రలు, సాధారణంగా 2 మిల్లీగ్రాములవి రోజుకి మూడు, పది నుంచి పద్నాలుగు రోజులు వాడి, లైనింగ్ 7, 8 మిల్లీమీటర్లకి చేరి స్కాన్‌లో మూడు గీతల్లా కనపడగానే ప్రొజెస్టెరాన్ మొదలుపెట్టడం. సోమవారం ప్రొజెస్టెరాన్ మొదలైతే ఐదో రోజు పిండాన్ని శనివారం పెడతారు. ఇక ఆ శనివారం కదలదు.

ముహూర్తం గొడవ వచ్చేది సరిగ్గా ఇక్కడే. శనివారం అమావాస్య అని శుక్రవారం రాత్రి తెలిసి, సోమవారానికి మార్చమని అడుగుతారు. అప్పటికి మార్చితే తలుపు మూసుకున్నాక గుమ్మం ముందు నిలబడ్డట్టే. తిథి, వారం చూసుకునే ఇంట్లో ఆ మాట ప్రొజెస్టెరాన్ మొదలుపెట్టకముందు స్కాన్ రోజునే డాక్టర్‌కి చెబితే సరిపోతుంది, ఎస్ట్రాడయోల్ మాత్రలు నాలుగైదు రోజులు ఎక్కువ వాడినా నష్టం లేదు కాబట్టి అప్పుడు జరపడానికి వీలుంటుంది. మూఢం, ఆషాఢం గురించి ఇక్కడ వాదించడం దండగ, క్రమం తెలిస్తే చాలు. అలాగే ప్రొజెస్టెరాన్ డోసు మర్చిపోతే దాచుకోకుండా ఫోన్ చేసి చెప్పాలి, మిగతా మాత్రలు వేరు, ఇది వేరు. పిరుదుకి వేసే నూనె ఇంజెక్షన్ అయితే గడ్డలు కడతాయి, కూర్చోవడం నరకమే, వేడి కాపడం కాస్త ఉపశమనం.

చాలా సెంటర్లు హెచ్‌ఆర్‌టీకే మొగ్గు చూపుతాయి, ఎందుకంటే రోజు తమ చేతిలో ఉంటుంది, ఆదివారాలు రావు, అందరినీ ఒకే వారంలో సర్దుకోవచ్చు. తప్పేం కాదు. కానీ హెచ్‌ఆర్‌టీలో సొంత గుడ్డు విడుదలవదు, దాని స్థానంలో తయారయ్యే కార్పస్ ల్యూటియం ఉండదు, అది లేని గర్భాల్లో తర్వాతి నెలల్లో బీపీ పెరగడం, ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీతో వచ్చే ప్రమాదకర స్థితి) ఎక్కువని చాలా అధ్యయనాల్లో కనిపించింది. నెలసరి టైముకి వచ్చే అమ్మాయి అయితే "నాకు నేచురల్ కుదురుతుందా" అని అడగడంలో తప్పులేదు. హెచ్‌ఆర్‌టీయే చేసినా, గర్భం నిలిచాక బీపీ చెక్ విషయంలో నిర్లక్ష్యం వద్దు, డెలివరీ చేసే డాక్టర్ వేరే అయితే ఇది హెచ్‌ఆర్‌టీ ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్ అని ఆమెకి చెప్పి తీరాలి.

ట్రాన్స్‌ఫర్ మాత్రం అందరూ భయపడేంత తతంగం కాదు. మత్తు ఉండదు. నీళ్లు తాగి మూత్రాశయం నింపుకుని రమ్మంటారు, ఎందుకంటే పొట్ట మీద పెట్టే స్కాన్‌లో గర్భసంచి బాగా కనపడాలి. సన్నటి మెత్తటి గొట్టం, పేరు చదివి సరిచూడటం, స్కాన్ తెర మీద చిన్న తెల్లచుక్క మెరవడం, తర్వాత గొట్టంలో పిండం ఇరుక్కుపోలేదని మైక్రోస్కోపులో చూసుకుని "క్లియర్" అని ల్యాబ్ నుంచి కేక. ఐదు పది నిమిషాలు. అన్నిటికంటే కష్టం ఆ నిండిన మూత్రాశయమే అని చెప్పనివాళ్లు తక్కువ.

ఆ తర్వాత మొదలవుతుంది ఇంట్లో వాళ్ల పాలన. మంచం దిగొద్దు, మెట్లు ఎక్కొద్దు, ఆటో ఎక్కితే గుంతల్లో జారిపోతుంది, బొప్పాయి చూడను కూడా చూడొద్దు. పిండం జారిపోవడం అనేది లేదు. గర్భసంచి ఖాళీ గది కాదు, ముందు గోడ వెనక గోడ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, పిండం కంటికి సరిగ్గా ఆననంత చిన్నది, వాటి మధ్య ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ తర్వాత బెడ్ రెస్ట్ వల్ల లాభం ఉందని ఏ మంచి అధ్యయనమూ చూపలేదు. మామూలు పనులు, ఆఫీసు, మెట్రో, అన్నీ చేసుకోవచ్చు, బరువులు మోయడం, జిమ్ లాంటివి ఆపితే చాలు. ఇది ఎందుకు నొక్కి చెప్పాలంటే, రిజల్ట్ నెగెటివ్ వచ్చిన రోజు "ఆ రోజు బట్టలు ఉతికావుగా" అనే మాట ఒకటి ఎక్కడో ఒకచోట నుంచి వస్తుంది. ఆ మాటకి సైన్సులో ఆధారం లేదు. నిలవనివాటిలో ఎక్కువ భాగం క్రోమోజోముల లెక్క తప్పినవే, అది ట్రాన్స్‌ఫర్‌కి ఎంతోముందే రాసిపెట్టి ఉంటుంది.

ఎదురుచూపు తొమ్మిది నుంచి పద్నాలుగు రోజులు, తర్వాత గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష. ఒక్క అంకె చూసి గంతులేయకూడదు, కుంగిపోకూడదు, రెండు రోజుల తర్వాత మళ్లీ చేస్తే సరిగ్గా పెరుగుతోందో లేదో తెలుస్తుంది. మధ్యలో కొద్దిగా మరక కనపడితే అయిపోయిందనుకుని మందులు ఆపేసేవాళ్లున్నారు, అది పెద్ద పొరపాటు. హెచ్‌ఆర్‌టీలో శరీరానికి ఆ ప్రొజెస్టెరాన్ తప్ప వేరే ఆధారం లేదు, మాయ బాధ్యత తీసుకునేదాకా, దాదాపు పది పన్నెండు వారాల వరకు, డాక్టర్ చెప్పకుండా ఒక్క డోసూ ఆపకూడదు. ఇంకో చిన్న గందరగోళం: ఐదో రోజు పిండం పెట్టిన రోజునే గర్భం లెక్క 2 వారాల 5 రోజులు. "పెట్టి మూడు వారాలే అయ్యింది, డాక్టర్ ఆరో వారం దాకా వచ్చావంటుందేంటి" అని చుట్టాలు వేళ్లు మడిచి లెక్కపెట్టడం చూస్తే నవ్వొస్తుంది, కానీ లెక్క అదే.

ఒకసారి నిలవకపోతే సెంటర్ ముందుకి తెచ్చే అదనపు టెస్టుల జాబితా పెద్దది. ఈఆర్‌ఏ అని లైనింగ్ ముక్క తీసి, మీ తలుపు ఏ గంటకి తెరుచుకుంటుందో చెబుతామనే ఖరీదైన టెస్టు ఉంది. దాని ప్రకారం టైము మార్చి పెట్టినవాళ్లలో 58.5 శాతం, మామూలు టైముకి పెట్టినవాళ్లలో 61.9 శాతం మందికి బిడ్డ పుట్టినట్టు 2022లో వచ్చిన అధ్యయనం తేల్చింది, అంటే లాభం లేదు. లైనింగ్‌ని గీకడం కూడా అంతే, 1,364 మంది మీద చేసిన 2019 అధ్యయనంలో గీకినా గీకకపోయినా 26.1 శాతం మందికే బిడ్డ పుట్టింది. మళ్లీ మళ్లీ ఫెయిల్ అయినవాళ్లకి ప్రత్యేక కారణాలు వెతకడం వేరు, మొదటి ఫెయిల్యూర్‌కే ఇవన్నీ బిల్లులో ఎక్కించడం వేరు.

"80 శాతం సక్సెస్" అనే బోర్డు గురించి కూడా. దేనికి 80? బీటా పాజిటివ్ వచ్చినవాళ్లా, గుండె చప్పుడు వినపడినవాళ్లా, బిడ్డని ఎత్తుకుని ఇంటికెళ్లినవాళ్లా? ఒక ట్రాన్స్‌ఫర్‌కా, మూడు ట్రాన్స్‌ఫర్లు కలిపా? వయసు 35 లోపు ఉండి, మంచి బ్లాస్టోసిస్ట్ పెట్టినా ఒక్కోసారికి అవకాశం సగానికి అటూ ఇటూనే. అందుకని రెండు మూడు ఒకేసారి పెట్టమని అడిగేవాళ్లు చాలామంది, "ఒకేసారి కవలలైతే పని అయిపోతుందిగా" అని. కవలల్లో నెలలు నిండకముందే పుట్టడం, ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ) రోజులు, తల్లికి బీపీ, అన్నీ ఎక్కువ, ఆ ఎన్‌ఐసీయూ బిల్లు ఇంకో రెండు సైకిళ్లని మింగేయగలదు. ఫ్రీజింగ్ ఇంత బాగా పనిచేస్తున్నప్పుడు రెండోది ట్యాంకులో భద్రంగా ఉంటుంది, ఒక్కొక్కటిగా పెట్టించుకోవడమే తెలివైన పని.

చివరికి కాగితాలు. ఇలాంటి ట్రీట్‌మెంట్లని నియంత్రించే 2021 నాటి ఏఆర్‌టీ చట్టం ప్రకారం సెంటర్‌కి రిజిస్ట్రేషన్ ఉండాలి, మహిళ వయసు 21 నుంచి 50, పురుషుడి వయసు 21 నుంచి 55 మధ్య ఉండాలి. 2025 జులైలో సికింద్రాబాద్‌లో ఒక సెంటర్ మీద పోలీసులు పెట్టిన కేసు గుర్తుండే ఉంటుంది, సరోగసీ బిడ్డ అని చేతిలో పెట్టిన పసికందు డీఎన్ఏ ఆ జంటతో కలవలేదు. గోడ మీద సర్టిఫికెట్ ఉందో లేదో, దాని గడువు ఉందో లేదో చూడటానికి మొహమాటపడక్కర్లేదు. ప్రైవేటు ఖర్చు భరించలేనివాళ్లకి గాంధీ ఆస్పత్రిలో 2023లో ప్రారంభించిన ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ఒక దారి, అక్కడ ఇప్పుడు ఏయే సేవలు నడుస్తున్నాయో వెళ్లి కనుక్కోవాలి.

పిండాలని గరిష్ఠంగా పదేళ్లు దాచొచ్చు, ఆ తర్వాత వాటిని వదిలేయాలి, లేదా మీ అనుమతితో పరిశోధనకి ఇవ్వాలి. ట్రాన్స్‌ఫర్ జరిగేలోపు భార్యాభర్తల్లో ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. విడిపోతే ఏం చేయాలి, ఒకరు చనిపోతే ఏం చేయాలి అనే గడులు కన్సెంట్ ఫారంలో ఉన్నాయేమో చూడండి, ఉంటే ఎగ్ పికప్ రోజు ఉదయం ఖాళీ కడుపుతో, టెన్షన్‌లో టిక్కులు పెట్టేసే విషయం కాదు అది, ఫారం ముందురోజే ఇంటికి తెచ్చుకుని ఇద్దరూ కూర్చుని చదవాలి. ఇక్కడ ఫ్రీజ్ చేయించి డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్లిపోయే జంటలు ఇంకో సంగతి తెలుసుకోవాలి: పిండాలని దేశం దాటించడానికి సొంత వాడకానికైనా ఆ చట్టం కింద ఉన్న జాతీయ బోర్డు అనుమతి కావాలి, సూట్‌కేసులో సర్దుకుని వెళ్లేవి కావు. వెళ్లేముందు స్టోరేజీ అద్దె ఎవరు కడతారో, రెన్యువల్ మెసేజ్ ఏ నంబర్‌కి వస్తుందో సెంటర్‌కి రాతపూర్వకంగా ఇచ్చి, దాని మీద వాళ్ల స్టాంపు వేయించుకోవాలి, ఇండియా సిమ్ ఆగిపోయిన ఆరు నెలలకి వచ్చే నోటీసుని ఎవరూ చూడరు.